నొప్పి తగ్గిన పూట

ఆ బైండింగ్ షాపులో అక్కాచెల్లెళ్లు నొప్పిని ఫారాల్లో కొలిచేవాళ్లు. పదహారు పేజీల మడత ఒక ఫారం. పొద్దున షట్టరు ఎత్తగానే అక్క "ఎన్ని?" అని అడిగేది. చెల్లి భుజం ఒకసారి తిప్పి చూసుకుని, వేళ్లు ముడిచి విప్పి, "నలభై" అనేది. ఈ ఒంటితో ఇవాళ నలభై ఫారాలు కుట్టగలను అని దానర్థం. నలభై అంటే మంచి రోజు. ఇరవై అంటే నన్ను మాట్లాడించకు అని. పది అన్న రోజు అక్క నోరెత్తకుండా చెల్లి ముందున్న కట్టను తన బల్ల మీదికి లాక్కునేది.

వినేవాళ్లు వీళ్లకేమైనా పిచ్చా అనుకుంటారు. ఏళ్ల తరబడి నొప్పితో కాపురం చేసేవాళ్లకు మాత్రం "నొప్పిగా ఉంది" అనే మాట వల్ల ప్రయోజనం ఉండదు. ఎప్పుడు లేదు గనక? ఎంత పని చేయనిస్తుందో చెబితే కనీసం ఆ రోజు ఎలా గడపాలో తెలుస్తుంది.

ఇద్దరివీ వదులు కీళ్లు. బొటనవేలు వెనక్కి విరిస్తే మణికట్టుకు తగిలేది. చిన్నప్పుడు అదో గొప్ప. చుట్టాలొస్తే వాళ్ల అమ్మే "ఏదీ, చూపించండే" అని మురిసిపోయేది. పెద్దయ్యాక ఆ ఒళ్లే వాళ్ల మీద పగబట్టింది. తలుపు గడియ తీస్తే మణికట్టు, గట్టిగా తుమ్మితే పక్కటెముక, మంచం మీద అటు నుంచి ఇటు తిరిగితే భుజం, ఏదో ఒకటి చోటు వదిలి పక్కకు జరిగేది. నడుము, మోకాళ్లు, మెడ రోజూ తప్పని నొప్పులు. వాటిని లెక్కలోకే తీసుకునేవాళ్లు కాదు.

డాక్టర్ల చుట్టూ తిరగకపోలేదు. ఒకాయన కాల్షియం మాత్రలు రాశాడు. ఒకాయన బరువు తగ్గమన్నాడు, చెల్లేమో అప్పటికే ఫ్యాను గట్టిగా వేస్తే ఎగిరిపోయేట్టుంది. మూడో ఆయన అన్నీ సావధానంగా విని, "ఇదంతా మనసులో ఉందమ్మా, ఏదైనా వ్యాపకం పెట్టుకోండి" అన్నాడు. రోజుకు పది గంటలు సూది పట్టే మనిషికి వ్యాపకమట. అప్పటితో అక్క డాక్టర్లకు ఓ దండం పెట్టేసింది.

వాళ్ల వైద్యం వాళ్లే చూసుకున్నారు. అట్ట ముక్కలు కత్తిరించి, పుస్తకాల వీపుకు అంటించే గుడ్డ చుట్టి, వేళ్లకు బద్దలు కట్టుకున్నారు. సూది వెనక కార్కు ముక్క గుచ్చి పట్టు లావు చేసుకున్నారు. జారిన కీలును వెనక్కి పెట్టడం అక్క వంతు. అందులో ఆమెది అందె వేసిన చేయి. పక్కటెముక జారితే చెల్లిని బల్ల అంచుకు ఆనించి, ఊపిరి వదలమని, అరచేతి మడమతో వీపు మీద ఒక్క నొక్కు నొక్కేది. టక్కుమని చప్పుడయ్యేది. "మా మేస్త్రీ బంగారం" అని చెల్లి మళ్లీ పనిలో కూర్చునేది.

అక్క ప్రతి నొక్కుకూ ముందు ఒక్క క్షణం ఆగేది. చెల్లి దాన్ని గురి చూసుకోవడం అనుకుంది. అది గురి కాదు, భయం. ఇరవై ఆరేళ్లుగా ఆ భయం అక్క చేతుల్లోనే ఉంది.

అప్పుడు అక్కకు పంతొమ్మిది. చెల్లి తొమ్మిదేళ్ల పిల్ల, బడికి వెళ్లింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి గోడకు ఆనుకుని, "వీపులో ఎముక జారినట్టుందే. ఈసారి కొంచెం వేరేగా ఉంది, చీల్చుతున్నట్టు. కాస్త నొక్కు" అంది. అక్క నొక్కింది. టక్కుమనలేదు. బలం కొద్దీ మళ్లీ నొక్కింది. కొంతసేపటికి అమ్మ ఊపిరి పీల్చుకుని, "తగ్గిపోయింది" అని నవ్వింది. మొహం కడుక్కుని కూరగాయలు తరగడానికి కూర్చుంది. పావుగంట తర్వాత అక్క వంటింట్లోకి వెళ్లేసరికి అమ్మ కత్తిపీట పక్కన ఒరిగిపోయి ఉంది. నలభై మూడేళ్ల మనిషి. గుండె ఆగిపోయిందన్నారు అందరూ. అక్క తలూపింది. అమ్మ వీపు మీద తన చేతులు పడిన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ చేతులే అమ్మను పొట్టన పెట్టుకున్నాయని ఆమె నమ్మకం.

మరి అవే చేతులు చెల్లి మీద ఎలా వేస్తోంది అంటారేమో. ఇంకెవరు వేస్తారు? ఎముక జారి, ఊపిరి అందక పిల్ల గిలగిల్లాడుతుంటే చూస్తూ కూర్చోలేదు కదా.

మూడు నెలల కిందట చెల్లి ఎవరో చెప్పగా విని ఒక కొత్త డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరింది. అక్క సణుగుతూనే వెంట వెళ్లింది. ఆ డాక్టరమ్మ చెల్లి బొటనవేళ్లు విరిచి చూసింది, మోచేతి దగ్గర చర్మం లాగి చూసింది, నోరు తెరిపించి అంగిలి చూసింది. తీరిగ్గా కుర్చీ ముందుకు జరుపుకుని, "మీరు చెప్పే నొప్పి నిజమైందే" అంది. ఒంట్లో ఒకదాన్నొకటి పట్టి ఉంచే పోగులు పుట్టుకతోనే బలహీనంగా ఉన్నాయంది. అవి కీళ్లలోనే కాదు, రక్తనాళాల గోడల్లోనూ ఉంటాయంది.

"అంటే కుట్టు వదులన్నమాట" అంది చెల్లి. డాక్టరమ్మ నవ్వి, అంతే అంది. ముప్పై అయిదేళ్లు వచ్చాక ఒకళ్లు తన మాట నమ్మారని చెల్లి కళ్లు తుడుచుకుంది. అక్కకు కూడా ఏడుపొచ్చింది. కాకపోతే మింగేసింది.

అప్పుడు డాక్టరమ్మ పెన్ను తీసి, "మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి పోయారా?" అని అడిగింది.

చెల్లి అక్క వైపు తిరిగింది. "అమ్మ ఎలా పోయిందే? నేనప్పుడు చిన్నదాన్ని, నాకెవరూ సరిగ్గా చెప్పలేదు."

అక్క చూపు తన చేతుల మీదికి వెళ్లింది. "అమ్మకు చాలా రోజుల్నించి ఒంట్లో బాగుండేది కాదండి. ఆ జబ్బుతోనే పోయింది" అంది.

డాక్టరమ్మ రాసుకుంది. "అయితే పర్వాలేదు. హఠాత్తుగా పోయినవాళ్లుంటే గుండె స్కానింగు ఈ వారమే తీయించేదాన్ని. ఇప్పుడైతే వరస ప్రకారం వెళ్దాం" అంది. వరసలో మూడున్నర నెలల తర్వాతి తేదీ వచ్చింది. లేచేముందు ఇంకో మాట చెప్పింది. "గుండెలో గానీ వీపులో గానీ కొత్త రకం నొప్పి వస్తే ఒక్క నిమిషం ఆగొద్దు, వచ్చేయండి."

మెట్లు దిగుతూ చెల్లి ఒకటే నవ్వు. "కొత్త నొప్పట. ఇంకా కొత్తవి మిగిలాయా మనకి?"

అసలు సంగతి అక్క ఇంటికెళ్లి చెబుదామనుకుంది. మర్నాడు షాపులో చెబుదామనుకుంది. చెబితే చెల్లి తన చేతుల వంక ఎలా చూస్తుందో అనుకోగానే నాలుక మడత పడేది. స్కానింగు ఎలాగూ జరుగుతుంది కదా, అందులో ఏమీ లేదంటే చెప్పే పనే ఉండదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. గోడ క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, రోజూ షట్టరు ఎత్తగానే ముందు దాని వంకే చూసేది. మనిషి ముప్పొద్దులా తిండి తినేది కానీ ఏదీ ఒంటబట్టేది కాదు.

ఆ తేదీకి ఇంకా పదకొండు రోజులున్నాయి. మంగళవారం. లైబ్రరీవాళ్లవి అరవై పాత పుస్తకాలు సాయంత్రానికి అప్పజెప్పాలి. పొద్దున "ఎన్ని?" అంటే చెల్లి "ముప్పై అయిదు, కాఫీ ఇప్పిస్తే నలభై" అంది. మంచి రోజే అనుకుంది అక్క.

పదిన్నరకు చెల్లి ప్రెస్సు చక్రం తిప్పుతోంది. అట్టలు వేసిన పుస్తకాలు కింద నలుగుతున్నాయి. చక్రం సగంలో ఆగింది. చప్పుడు ఆగేసరికి అక్క తలెత్తింది. చెల్లి రెండు చేతులూ చక్రం మీదే ఉంచి కదలకుండా నిలబడి ఉంది.

"మేస్త్రీ, పక్కటెముక జారినట్టుంది. ఓ నొక్కు నొక్కు."

నెమ్మదిగా వచ్చి బల్ల అంచుకు ఆనుకుంది. అక్క చేతికంటిన జిగురు తుడుచుకుని, వీపు మీద వేళ్లు పెట్టి వెతికింది. జారిన ఎముక వేలికి తెలుస్తుంది, చిన్న మెట్టులా. పై నుంచి కిందికి ఒక్కొక్కటే తడిమింది. అన్నీ చోట్లోనే ఉన్నాయి. రెండోసారి ఇంకా నిదానంగా తడిమింది. అన్నీ ఉన్నాయి.

"ఎక్కడే?"

"మధ్యలో. రెక్కల నడుమ. ఈసారి కొంచెం వేరేగా ఉంది. నొక్కెయ్, పోతుంది."

అక్క చేతులు వెనక్కి తీసేసుకుంది.

"నొక్కవే బాబూ. ఆలోచిస్తావేం?"

"పద ఆస్పత్రికి."

"పక్కటెముకకి ఆస్పత్రేంటే? వాళ్లేం చేస్తారు, కాల్షియం ఇస్తారు. సాయంత్రానికి పుస్తకాలివ్వాలి" అని చెల్లి ఇంకా ఏదో అనబోయింది. అక్క జిగురు గిన్నె మూత పెట్టలేదు. బ్రష్షు అందులోనే వదిలేసింది. లైటు ఆర్పలేదు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా అలా వదిలి వెళ్లిన మనిషి కాదు. అది చూసి చెల్లి మాట ఆపేసి చెప్పులు వేసుకుంది.

ఎమర్జెన్సీలో కౌంటరు ముందు పెద్ద వరసే ఉంది. ఒకతను చేతికి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు, ఒక ముసలాయన చక్రాల కుర్చీలో మూలుగుతున్నాడు. వీళ్ల వంతు వచ్చేసరికి నర్సు తలెత్తకుండానే, "నొప్పి ఎంతుంది? పదికి ఎంతో చెప్పండి" అంది.

చెల్లి నిజాయితీగా లెక్క వేసింది. ఆరేళ్ల కిందట తుంటి ఊడిన రోజు ఆమెకు పది. ఆ రోజు గొంతు చించుకుని అరిచింది. దాంతో పోలిస్తే ఇది... "నాలుగండి" అంది.

నర్సు అప్పుడు చూసింది. నిటారుగా నిలబడి, మర్యాదగా మాట్లాడుతున్న మనిషి. నాలుగు అని రాసింది. అక్క డాక్టరమ్మ ఇచ్చిన కాగితం ముందుకు తోసి, "ఈమెకు ఈ జబ్బుందండి, కొంచెం తొందరగా చూడండి" అంది. నర్సు కాగితం తిరగేసింది. "స్కానింగు ఇంకా కాలేదుగా. కూర్చోండమ్మా, పిలుస్తారు. గంట, గంటన్నర పడుతుంది."

అసలు సంగతి అక్క నాలుక చివరిదాకా వచ్చింది. చెల్లి భుజం తన భుజానికి తగులుతూ ఉంది. అక్క కాగితం మడిచి వెనక్కి తిరిగింది.

ఇనప బెంచీ మీద కూర్చున్నారు. చెల్లి నుదుటి మీద చెమట పట్టింది. ఎదురుగా గోడ గడియారం పదకొండూ పది. అక్క చెల్లి రెండు చేతులూ ఒళ్లోకి తీసుకుంది. కుడిచేయి మామూలుగానే ఉంది. ఎడమచేయి చల్లగా ఉంది. ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. ఎంత రుద్దినా వెచ్చబడలేదు.

"మా ఆయనకి ఫోన్ చేయకు. బస్సు నడుపుతుంటాడు, కంగారు పడతాడు" అంది చెల్లి.

"చేయన్లే."

"నువ్వెందుకే అలా చూస్తావు? పోయేదాన్ని చూసినట్టు."

పదకొండున్నర అవుతుండగా చెల్లి వీపు నిటారుగా చేసింది. భుజాలు అటూ ఇటూ కదిపి చూసుకుంది. మొహం తేటపడింది.

"తగ్గిపోయిందే" అంది.

"ఏంటి?"

"నొప్పి. మొత్తం పోయింది. ఏదో పట్టేసి ఉంటుంది, అంతే. లే, పోదాం. జిగురు గడ్డకట్టి చచ్చి ఉంటుంది ఈపాటికి." నవ్వుతూ లేచి నిలబడింది.

ఆ నవ్వు అక్క ఎరుగును. నొప్పి తగ్గితే సంతోషించని రోజంటూ వాళ్ల జన్మలో లేదు. తగ్గిందంటే దేవుడు కరుణించినట్టే, కారణం అడిగే అలవాటే లేదు వాళ్లకు. కానీ గడియారం వంక చూస్తే అక్కకు పావుగంట మాత్రమే కనిపించింది. ఆ పావుగంట చెల్లిని ఆటో ఎక్కించేసరికే అయిపోతుంది.

"కూర్చో ఇక్కడే. కదిలావంటే ఊరుకోను" అని కౌంటరు దగ్గరికి పరిగెత్తింది. తువ్వాలు చుట్టుకున్నతను "వరసలో రండమ్మా, మేమేం పనిలేక నిలబడ్డామా" అని కసురుకున్నాడు. అక్క అతణ్ని తోసుకుని ముందుకెళ్లింది.

"ఇందాక నాలుగు అంది చూశారా, ఆవిడ నా చెల్లెలు. ఇప్పుడు నొప్పి తగ్గిపోయిందంటోంది."

"మంచిదేగా అమ్మా."

"మంచిది కాదు. మా అమ్మ కూడా ఇలాగే తగ్గిపోయిందంది. పావుగంటలో పోయింది. జబ్బేం లేదు ఆమెకు. నలభై మూడేళ్లు. వీపులో చీల్చుతున్నట్టుంది నొక్కమంటే ఎముక జారిందనుకుని నేనే నొక్కాను. ఈ చేతులతోనే నొక్కాను. డాక్టరమ్మ అడిగితే జబ్బుతో పోయిందని అబద్ధం చెప్పాను. దీని ఎడమచేయి మంచుగడ్డలా ఉంది, ఒక్కసారి వచ్చి చూడండి, మీకు పుణ్యముంటుంది."

తానెంత గట్టిగా మాట్లాడిందో ఆమెకు తెలియదు. మూలిగే ముసలాయన కూడా ఊరుకున్నాడు. వెనక్కి తిరిగేసరికి చెల్లి రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. బ్యాగు భుజాన వేసుకుని, ఇంటికి పోదామని వచ్చినట్టుంది.

నర్సు కౌంటరు దాటి వచ్చి చెల్లిని కుర్చీలో కూర్చోబెట్టింది. కుడిచేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. ఎడమచేతికి మార్చి చూసింది. ఇంకోసారి చూసింది. రెండు చేతుల అంకెలకూ పొంతన లేదు. ఎవరినో పేరు పెట్టి పిలిచింది, ఇద్దరు మనుషులు బండి తోసుకుంటూ వచ్చారు. ఇక వరసా లేదు, టోకెనూ లేదు. బండి మీద పడుకోబెట్టి తోసుకుపోతుంటే అక్క పక్కనే పరిగెత్తింది. చెల్లి తలుపు దాకా కళ్లు ఆర్పకుండా అక్కనే చూసింది. తిట్టినా బాగుండేదని అక్క అనుకుంది.

ఆపరేషనుకు ఎనిమిది గంటలు పట్టింది. అక్క ఫోను చేస్తే మరిది డ్యూటీ మధ్యలో బస్సు ఇంకొకరికి అప్పజెప్పి, యూనిఫారంతోనే వచ్చి కూర్చున్నాడు. ఏమైంది వదినా అని అడిగాడు. అక్క అతనికీ అంతా చెప్పింది, ఏదీ దాచలేదు. ఒకసారి చెప్పాక మళ్లీ చెప్పడం అంత కష్టం కాలేదు. అది ఆమెకు ఇంకా సిగ్గనిపించింది.

సర్జను బయటికొచ్చి, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చిరిగిందని, చిరిగిన భాగం తీసేసి గుడ్డతో నేసిన గొట్టం వేశామని చెప్పాడు. బతికింది. కానీ కింది భాగం కూడా సాగి ఉందని, అది ఎప్పుడేం చేస్తుందో చెప్పలేమని, జీవితాంతం కనిపెట్టుకుని ఉండాలని అన్నాడు. రేపే మీరూ స్కానింగు తీయించుకోండి, ఆలస్యం చేయొద్దని అక్కకు చెప్పాడు.

అక్కకు కావలసింది అది కాదు. "డాక్టరు గారూ, మా అమ్మకు... నేను నొక్కినందువల్లేనా చిరిగింది?"

ఆయన ఆ రోజు సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. "మీరు చెప్పిందాన్ని బట్టి చూస్తే, ఆవిడ మిమ్మల్ని నొక్కమని అడిగేసరికే చిరిగిపోయి ఉంటుందమ్మా. ఆ నొప్పి దానిదే. మీ చేతుల తప్పేం లేదు."

మరిది దండం పెట్టాడు. అక్క కుర్చీలో కూలబడింది. ఇరవై ఆరేళ్ల బరువు దిగిపోవాలి నిజానికి. దిగలేదు. చేతులు ఏ తప్పూ చేయలేదంటే, ఇక మిగిలింది డాక్టరమ్మ గదిలో తానాడిన ఒక్క అబద్ధం. దాన్ని దేనికోసం ఆడినట్టు? చేయని తప్పును దాచుకోవడానికి చెల్లి ప్రాణం పణంగా పెట్టింది. ఆ ఆలోచన ఆమె మీద కూర్చుంది, లేవలేదు.

ఆరో రోజున చెల్లిని వార్డులోకి మార్చారు. అక్క స్టూలు వేసుకుని మంచం పక్కన కూర్చుంది. చెల్లి బాగానే మాట్లాడుతోంది. పుస్తకాలు లైబ్రరీవాళ్లకు ఎప్పుడిస్తావు అని అడిగింది, మంచం తల వైపు కాస్త ఎత్తమంది. అమ్మ మాట మాత్రం ఎత్తలేదు. అక్క స్కానింగులో ఏం తేలిందో కూడా అడగలేదు. ఒకచోట కాస్త వెడల్పుగా ఉందన్నారు, ఆ సంగతి అక్క తనంతట తాను చెప్పలేదు.

మధ్యాహ్నం చెల్లి పక్క బల్ల మీది నీళ్ల గ్లాసు కోసం చేయి చాపింది. కుడి భుజం జారింది. కీలు పక్కకు పొడుచుకొచ్చి ఆస్పత్రి చొక్కా కింద స్పష్టంగా కనిపించింది. చెల్లి మొహం పాలిపోయింది. అక్క ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు, చేతులు అప్పటికే భుజం దాకా వెళ్లాయి.

"వద్దు. నువ్వు కూర్చో."

"నిమిషం పనే. వాళ్లకి చేతకాదు, అటూ ఇటూ లాగి ఇంకా..."

"నీ చేతుల మీద నాకేం కోపం లేదు" అంది చెల్లి, పళ్ల బిగువున. "ఆ రోజు అమ్మ సంగతి అడిగినప్పుడు నువ్వు నా పక్కనే కూర్చున్నావు. మూడు నెలలు రోజూ పొద్దున్నే ఎన్ని అని అడిగావు. నేను చెబుతూనే ఉన్నాను, నువ్వే చెప్పలేదు."

ఎడమచేత్తో తడిమి మంచానికి కట్టిన బెల్లు నొక్కింది. నర్సు వేరే వరసలో ఎవరికో సెలైను మారుస్తోంది, వస్తున్నానని చేయి ఊపింది. చెల్లి దిండు మీద తల పక్కకు తిప్పుకుని, నొప్పికి పెదవి కొరుక్కుంటూ, తలుపు వైపు చూస్తూ పడుకుంది. అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. నర్సు రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది.